బడికి నిధులు

గోదావరీ తీరమందలి ధర్మపురి వేదవిద్యకు పేరుగాంచిన క్షేత్రము. పూర్వము చదువు దాతల దయపై నిలిచెడిది. నేడది హక్కు. 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 సంవత్సరముల బాలబాలికలకు ఉచితవిద్య నొసగుమని శాసించినది.

అయినను ధనము లేనిదే బడి నడువదు. జాతీయాదాయమున నూటికి 6 వంతులు విద్యకు వెచ్చింపవలెనని 1966లో కొఠారీ సంఘము సూచించినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆ 6 వంతుల మాటనే మరల చెప్పవలసివచ్చినది. తెలంగాణమున 2022లో ఆరంభమైన 'మన ఊరు - మన బడి' పథకము 26,065 పాఠశాలలను మూడు దశలలో బాగుచేయ సంకల్పించి, పిల్లలు ఎక్కువగా నున్న 9,123 బడులను ముందుగా ఎంచుకొన్నది. చిన్న ఊరి బడి వేచియుండవలసివచ్చినది. నిధులు ఆగినను పిల్లవాని వయస్సు ఆగదు గదా!

ప్రభుత్వ పాఠశాల యాజమాన్య సంఘమున నాల్గింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండవలెననియు, నిధుల వినియోగమును ఆ సంఘము గమనింపవలెననియు చట్టము విధించినది. ధర్మపురి యందైనను, మారుమూల పల్లె యందైనను లెక్క అడుగుట వారి హక్కు. న్యాయమైన వాటాకై అడుగుచునే యుండుట వారి ధర్మము.