నానమ్మ గొంతు ఏమైంది?

'కొత్త అప్‌డేట్‌ సిద్ధంగా ఉంది. ఇన్‌స్టాల్‌ చేయాలా?' అనడిగింది ఫోను. నాన్న చేయమన్నారు. అరగంటలో ఆ ఆరేళ్ల నాటి ఫోను కొత్త పెళ్లికొడుకులా ముస్తాబై లేచింది. అక్షరాల తీరు మారింది, బొమ్మలు గుండ్రంగా తయారయ్యాయి. బాగానే ఉందనుకున్నాం. మర్నాడు పొద్దున వాకింగ్‌కి వెళ్లిన నాన్న పావుగంటకే తిరిగొచ్చేశారు.

'పాట పెట్టి జేబులో వేసుకోవడమే తరువాయి, రెండో పాటకల్లా మూగబోతోంది!'

అది చిన్న చికాకే. అసలు కష్టం సాయంత్రం బయటపడింది. పాటల జాబితాలో నానమ్మ లేదు. ఎన్నో ఏళ్ల కిందట ఓ సంక్రాంతికి, అరిసెల పాకం దగ్గర కూర్చుని 'ముందు అన్నం తినరా' అంటూ నాన్నని కేకలేస్తుంటే పాత కీప్యాడ్‌ ఫోనులో రికార్డు చేసిన 48 సెకన్ల ముక్క అది. ఆవిడ గొంతు మాకు మిగిలింది అదొక్కటే. ఫోన్లు మారినప్పుడల్లా జాగ్రత్తగా వెంట తెచ్చుకున్నారు నాన్న.

సందు చివరి సెల్‌ఫోన్‌ షాపుకి వెళ్తే అక్కడి కుర్రాడు 'సాఫ్ట్‌వేర్‌ సరిగ్గా కూర్చోలేదంకుల్‌, రీసెట్‌ కొట్టేస్తే సరి' అన్నాడు. 'ఆగు బాబూ' అని ఫోను లాక్కున్నంత పనిచేశాను. ఫ్యాక్టరీ రీసెట్‌ అంటే ఫోను లోపలి మెమరీలో ఉన్న ఫొటోలూ రికార్డింగులూ సమస్తం తుడిచేయడమే. పాట రావట్లేదన్న కోపంలో ఎంతమంది ఇలా ఉన్నదంతా పోగొట్టుకున్నారో!

ఇంతకీ అప్‌డేట్‌కీ పాటకీ ఏమిటి సంబంధం? ఫైలుకీ స్పీకరుకీ మధ్య కూర్చునే పెద్దమనిషి ఆపరేటింగ్‌ సిస్టమ్‌. పాటలు వినిపించే యాప్‌ ఏ ఫోల్డరు తెరవొచ్చో, తెర ఆరిపోయాక ఎంతసేపు పనిచేయొచ్చో చెప్పేది అదే. అప్‌డేట్‌తో ఆ పెద్దమనిషి నియమాలు మారిపోతాయి. పాత యాప్‌కి ఆ సంగతి తెలియదు.

బ్యాటరీ సంగతే చూడండి. వాడని ఫోనుని నిద్రపుచ్చే 'డోజ్‌' పద్ధతి 2015లో ఆండ్రాయిడ్‌ 6తో వచ్చింది. తెర వెనక పనిచేసే యాప్‌లకు 2017లో ఆండ్రాయిడ్‌ 8 మరిన్ని హద్దులు గీసింది. పద్ధతిగా రాసిన మ్యూజిక్‌ యాప్‌కి వీటివల్ల ఇబ్బంది ఉండకూడదు. కానీ కొన్ని ఫోన్ల తయారీదార్లు ఛార్జింగ్‌ ఎక్కువసేపు నిలవాలని సొంత కత్తెర కూడా పట్టుకుంటారు. జేబులో పాట ఆగిపోతే ముందుగా అనుమానించాల్సింది దీన్నే. సెట్టింగ్స్‌లో యాప్స్‌, అందులో మీ మ్యూజిక్‌ యాప్‌, దాని బ్యాటరీ భాగంలో 'అన్‌రిస్ట్రిక్టెడ్‌' అని పెట్టాలి. కొన్ని పాత ఫోన్లలో ఇదే 'డోంట్‌ ఆప్టిమైజ్‌' పేరుతో ఉంటుంది. మా ఇంట్లో వాకింగ్‌ సమస్య దీంతోనే తీరింది.

పాటలు అసలు కనిపించకపోతే అది అనుమతుల గొడవ కావచ్చు. 2019లో ఆండ్రాయిడ్‌ 10, 2020లో ఆండ్రాయిడ్‌ 11 వచ్చి ఒక యాప్‌ మరొక యాప్‌ ఫోల్డర్లలోకి ఇష్టమొచ్చినట్టు తొంగిచూడకుండా కట్టడి చేశాయి. 2022 నాటి ఆండ్రాయిడ్‌ 13లో ఫొటోలకూ వీడియోలకూ ఒక అనుమతి చాలదు, పాటలకు వేరే ఇవ్వాలి. వాట్సాప్‌ కూడా 2021లో తన ఫోల్డరుని వేరేచోటికి మార్చేసింది. అందుకే 'నా వాయిస్‌ మెసేజీలు పోయాయి' అని చాలామంది కంగారుపడ్డారు. పోలేదు, ఇల్లు మారాయంతే. ఇంకోమాట... మెమరీ కార్డులో వేల పాటలుంటే అప్‌డేట్‌ తర్వాత ఫోను వాటి పట్టికని మళ్లీ రాసుకోవాల్సి రావచ్చు. ఛార్జింగ్‌ పెట్టి ఓ పూట ఆగి చూడటంలో నష్టం లేదు.

ఇయర్‌బడ్స్‌లో శబ్దం తగ్గినా, తెగితెగి వస్తున్నా బ్లూటూత్‌ జాబితాలోంచి దాన్ని తీసేసి మళ్లీ జతచేయాలి. ఈక్వలైజర్‌ ఒకసారి చూసుకోవాలి.

ఏ యాప్‌లోనూ మోత లేకపోతే, రింగ్‌టోన్‌ కూడా పలకకపోతే తప్పు అప్‌డేట్‌ది కాకపోవచ్చు. ఐఫోన్‌ 7 కథ ఇందుకు మంచి ఉదాహరణ. 2018లో ఐఓఎస్‌ 11.3 వేసుకున్నాక కొందరికి మైకు పనిచేయలేదు, కాల్‌లో స్పీకరు బటన్‌ బూడిదరంగులోకి మారిపోయింది. అంతా అప్‌డేట్‌నే తిట్టారు. విప్పి చూసిన రిపేరు నిపుణులు మాత్రం బోర్డు మీద ఆడియో చిప్‌ అతుకు వదిలిందని చెప్పారు. అమెరికాలో వ్యవహారం కోర్టుకెక్కింది. ఆపిల్‌ తప్పు ఒప్పుకోకుండానే 3.5 కోట్ల డాలర్లతో రాజీకి వచ్చింది.

'పాత వెర్షనే మళ్లీ వేయించుకుంటే పోలా' అనిపిస్తుంది. అదంత తేలిక కాదు. చాలా ఫోన్లలో వెనక్కి వెళ్లాలంటే ముందు లోపలిదంతా చెరిపేయాలి. ఆపిల్‌ అయితే కొత్తది వచ్చిన కొద్దిరోజులకే పాతదానికి తలుపులు మూసేస్తుంది.

మళ్లీ నానమ్మ దగ్గరికి వద్దాం. బ్యాటరీ చూశాం, అనుమతులిచ్చాం. ఆవిడ జాడ లేదు. చివరికి ఫైల్‌ మేనేజర్‌లో 'ఏఎంఆర్‌' అని వెతికాను. పాత ఫోన్లు మాటల్ని దాచుకునే పద్ధతి పేరది. కాల్‌ మాట్లాడటం కోసం పుట్టిన పద్ధతి కావడంతో సెకనుకి దాదాపు ఒకటిన్నర కేబీ చాలు దానికి. ఒకే ఒక్క ఫైలు దొరికింది... సరిగ్గా 75 కేబీ! నొక్కితే, అదే కేక. నాన్న కుర్చీలోంచి లేచి వచ్చేశారు.

మరి జాబితాలో ఎందుకు లేదు? అప్‌డేట్‌తో పాత మ్యూజిక్‌ యాప్‌ పోయి కొత్తది వచ్చింది. దాని సెట్టింగ్స్‌లో 'నిమిషంలోపు ఆడియో చూపొద్దు' అన్న గడిలో ముందే టిక్కు పెట్టి ఉంది. వాట్సాప్‌ ముక్కలూ, టింగుటింగుమనే నోటిఫికేషన్‌ శబ్దాలూ పాటల మధ్య రాకుండా చేసిన ఏర్పాటు. పన్నెండు సెకన్లు తక్కువైనందుకు మా నానమ్మని కూడా ఆ గుంపులో కలిపేసింది.

టిక్కు తీసేశాం. ఆ ఫైలుని కంప్యూటర్‌లో, పెన్‌డ్రైవ్‌లో, అత్తయ్య ఫోనులో పెట్టాం. ఎంపీ3గా మార్చి మరో కాపీ చేశాం కానీ అసలుది అలాగే ఉంచాం. మార్చితే ఏ ఫోనులోనైనా పలుకుతుందిగానీ గొంతేమీ బాగుపడదు. ఆ రాత్రి నాన్న కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు ఫోనుతో కుస్తీపట్టారు. పొద్దున చూస్తే ఫైలు పేరు మారింది. 'అమ్మ' అని రాసి, జాబితాలో అన్నిటికన్నా పైన కనిపించాలని ముందు 1 అంకె వేశారు.