ఫొటోతో చార్మినార్‌ను కొలుద్దామా?

చార్మినార్ మీనారు ఎత్తు ఎంత? రెండు మూడు పుస్తకాలు తెరిచి చూడండి. ఒక దానిలో 48.7 మీటర్లని ఉంటుంది. మరొక దానిలో 56 మీటర్లని ఉంటుంది. తేడా ఏడు మీటర్ల పైమాటే! అంటే రెండంతస్తుల మేడంత. 1591లో కట్టిన కట్టడం, అందరి కళ్ళెదుటా నిలిచి ఉన్నది, దాని ఎత్తులోనే ఇంత తేడానా? ఈ తగవును మీరే తీర్చవచ్చు. కావలసినవి ఒక టేపు, ఒక స్కేలు, ఇంట్లో ఉన్న ఫోను కెమెరా. అంతే.

ముందుగా చార్మినార్ కిందికి వెళ్ళి ఒక కమాను వెడల్పు కొలవండి. సుమారు 11 మీటర్లు వస్తుంది. తరువాత ఉత్తరం వైపు నడిచి, గుల్జార్ హౌజ్ దగ్గర రాకపోకలకు అడ్డం కాని చోటు చూసుకొని, మీనారు మొదలు నుంచి కొస దాకా పట్టేటట్లు ఫొటో తీయండి. పొద్దున్నే వెళ్తే మంచిది. జనం పెరిగాక మీనారు మొదలు కనిపించదు! ఫొటోను కాగితం మీద అచ్చు వేయించి స్కేలుతో కొలవండి. కమాను వెడల్పు 2.2 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. అంటే ఫొటోలో 1 సెంటీమీటరుకు నిజంలో 5 మీటర్లు. అప్పుడు మీనారు 9.7 సెంటీమీటర్లు ఉంటే మొదటి పుస్తకం గెలిచినట్లు. 11.2 సెంటీమీటర్లు ఉంటే రెండవది. మీరు స్కేలు చూడడంలో ఒక మిల్లీమీటరు పొరబడినా ఈ రెండింటినీ విడదీయడం కష్టం కాదు.

అయితే ఒక చిక్కుంది. ఎత్తయిన కట్టడం కనబడగానే మన చేయి కెమెరాను పైకి వంచుతుంది. అలా వంచి తీసిన ఫొటోలో నాలుగు మీనార్లూ పైన ఒకదానివైపు ఒకటి వాలినట్లు కనబడతాయి, గమనించారా? కెమెరాలో ప్రతిబింబం పడే పలక గోడకు సమాంతరంగా ఉన్నంతసేపే గోడ మీద ప్రతి భాగమూ ఒకే నిష్పత్తిలో చిన్నదవుతుంది. పలక వాలితే పైభాగం కింది భాగం కన్నా ఎక్కువ కుదించుకుపోతుంది. అప్పుడు మన లెక్క చెల్లదు. అందుచేత ఫోనును గోడలాగా నిట్టనిలువుగా పట్టుకోండి. పై కొస అందకపోతే మరికొంత వెనక్కి నడవండి.

ఇక వెలుతురు సంగతి. ఎండ గోడకు సూటిగా ఎదురుగా తగిలే వేళ తీస్తే గచ్చు పని అంతా చదునుగా కనబడుతుంది. ఎండ గోడను ఏటవాలుగా రాసుకుంటూ పోయే వేళ చూడండి, ప్రతి పువ్వుకూ ప్రతి లతకూ నీడ పుట్టుకొస్తుంది. చిన్న పగులు కూడా దాగదు. ఉత్తరపు గోడకు చలికాలంలో ఎండే తగలదు. జూన్ నెలలో సూర్యుడు ఈశాన్యం వైపు ఉదయిస్తాడు కనుక ఆ రోజుల్లో తగులుతుంది. 2019 మే నెలలో ఒక మీనారు నుంచి గచ్చు పెచ్చు ఊడి పడింది. అలాంటప్పుడు ఊడినచోట ఏ నగిషీ ఉండేదో తెలియాలంటే అంతకు ముందు తీసిన ఫొటోలే ఆధారం.

ఫొటోతో కట్టడాన్ని కొలవాలన్న ఆలోచన ఒక ప్రమాదం తప్పడం వల్ల పుట్టింది. 1858లో ఆల్బ్రెక్ట్ మేడెన్‌బావర్ అనే జర్మన్ యువకుడు వెట్స్‌లార్ చర్చి పైకెక్కి కొలతలు తీస్తూ, పడబోయి తప్పించుకున్నాడు. నేలమీద నిలబడే కొలవలేమా అని ఆలోచించాడు. ఇప్పుడు ఆ విద్యను ఫొటోగ్రామెట్రీ అంటారు. మన హైదరాబాద్‌కు వన్నె తెచ్చిన రాజా దీన్‌దయాళ్ చదివింది కూడా ఇంజనీరింగే. రూర్కీలో చదివి, ఇందోర్‌లో ఉద్యోగం చేస్తూ, సరదాగా కెమెరా పట్టాడు. తరువాత ఆరవ నిజాం కొలువులో చేరాడు. అంటే ఆయనా మొదట మీవంటి ఔత్సాహికుడే!

ఒక్క ఫొటో ఒక్క వైపే చూపిస్తుంది. పది మంది పది వైపుల నుంచి తీసినవి ఒకచోట చేరితే? 2009లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు రోమ్ నగరం ఫొటోలు సుమారు లక్షా యాభై వేలు కంప్యూటర్లకు అప్పగించారు. అన్నీ మామూలు జనం తీసి అందరితో పంచుకున్నవే. రెండు ఫొటోల్లో ఒకే రాయి మూల ఎక్కడుందో పోల్చుకుంటూ పోయి, ఒక్క రోజులో కంప్యూటర్లు పాత కట్టడాల ఘనరూపాలను తయారు చేశాయి.

మన పాతబస్తీలో ఈ పనికి తొందర కూడా ఉంది. మహాత్మా గాంధీ బస్ స్టేషన్ నుంచి ఫలక్‌నుమా దాకా మెట్రో రైలు మార్గానికి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. 2025 నుంచి దారి పొడవునా ఇళ్ళు, దుకాణాలు తొలగిస్తూ వచ్చారు. దారుల్‌షిఫా, శాలిబండ వీధుల్లో మిగిలిన చెక్క బాల్కనీలను ఈ ఆదివారమే తీయండి. కొత్తగా లేచే స్తంభాలనూ వదలకండి. ముసలివాళ్ళకు అవి నచ్చకపోవచ్చు గాని, మీ మనుమలకు అవి పాత కట్టడాలే కదా!

ఇంటి గుమ్మమైతే ఇంటివారినీ, మసీదు, ఆషుర్‌ఖానా, గుడి అయితే అక్కడి వారినీ అడిగి తీయండి. ఫొటో వెనుక పెన్సిలుతో తేదీ, వేళ, నిలబడిన చోటు, చూస్తున్న దిక్కు రాయండి. ఇవి లేని ఫొటో అందంగా ఉండవచ్చు, లెక్కకు మాత్రం పనికిరాదు. ఫోనులో స్నేహితులకు పంపేటప్పుడు చాలా మెసేజి యాప్‌లు బొమ్మను కుదించేస్తాయి. అందుకని అసలు ఫైలును వేరుగా దాచండి.

తరగతిలో నలుగురు కలిసి మొదలుపెట్టాలంటే నయాపుల్ మంచి చోటు. మూసీకి ఒక ఒడ్డున హైకోర్టు, ఇంకొక ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి. రెండూ 1908 సెప్టెంబరు వరద తరువాత కట్టినవే. ఆ వరదలో పోయిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని ఇక ఫొటోల్లోనే చూడాలి. ఉస్మానియా పాత భవనంలోకి 2020 జూలైలో వాన నీరు చేరి, రోగులను అక్కడి నుంచి తరలించారు. ఇద్దరు వంతెన మీద, ఇద్దరు ఒడ్డున నిలబడి, దాని గుమ్మటాలను ఒకే వేళకు తీయండి. నాలుగు ఫొటోలనూ పక్కపక్కన పెట్టి, అన్నిటిలోనూ కనబడే కిటికీలు ఎన్నో లెక్కపెట్టండి.