ఆర్హుస్ నగరపు పద్ధతి

డెన్మార్కు దేశమున రెండవ పెద్ద నగరము ఆర్హుస్. 2011లో సిరియాయందు చెలరేగిన అంతర్యుద్ధము ఆ దూరపు నగరమును సైతము కలవరపెట్టెను. 2012, 2013 సంవత్సరములలో సుమారు 30 మంది యువజనులు అచ్చటికి తరలిపోయిరి. బిడ్డలు కానరాక తల్లిదండ్రులు పోలీసుల నాశ్రయించిరి.

తీవ్రవాదులు ఎవ్వరినైనను ఒక్కనాటిలో లోబరచుకొనలేరు. తన్ను అందరును పరాయివానిగా చూచుచున్నారని కుములు యువకుడు వారికి సులభముగా దొరకును. వారు వానికి స్నేహము చూపుదురు, పాత మిత్రులను దూరము చేయుదురు. ఆయుధము ప్రసక్తి చాల కాలమునకు గాని రాదు.

ఈ సంగతి నెరిగి, నగరపాలక సంఘమును పోలీసులును 2007 నుండియే కలిసి పనిచేయుచుండిరి. తండ్రియో ఉపాధ్యాయుడో కబురు చేసినచో, అనుభవజ్ఞుడైన మార్గదర్శకుడొకడు ఆ యువకుని కలిసికొనును. వాని మాట వినును, వానితో వాదించును, చదువునకో కొలువునకో తోడ్పడును. యువకుడు సమ్మతించిననే ఇది సాగును.

ఆ దేశపు 1953 నాటి రాజ్యాంగము భావప్రకటన స్వేచ్ఛ నొసగినది. కావున కటువైన అభిప్రాయము కలిగియుండుట మాత్రమే నేరము కాదు. సిరియానుండి మరలివచ్చినవారిలో నేరమునకు సాక్ష్యము దొరికినవారిని న్యాయస్థానమునకు పంపవలెను, తక్కినవారికి చదువు, వైద్యము సమకూర్పవలెను అనునది అచ్చటి నియమము. అయినను ఇందొక చిక్కు కలదు. ఉపాధ్యాయుడు గూఢచారి యని తోచినచో విద్యార్థి తన సంశయమును అతనితో చెప్పుకొనడు.

ఇది మితిమీరిన మెత్తదనమని నిందించినవారును ఉండిరి. 2014లో మాత్రము ఆ నగరమునుండి సిరియాకు వెడలినవారు ఒకరిద్దరే. ఇందుకు ఈ పద్ధతి యొక్కటే కారణమని చెప్పజాలము. కాని ఇతర దేశముల అధికారులు దీనిని చూచుటకు ఆర్హుస్ వచ్చిరి.