గ్రీన్ స్క్రీన్ మింగేసిన చీర అంచు: ఫోన్‌తో క్రోమా కీ చేసేవాళ్లకి మా కోనసీమ పాఠం

చెల్లి పెళ్లి ఇన్విటేషన్ వీడియో ఫోన్‌తోనే లాగించేద్దామని అమలాపురం దగ్గర మా పెరట్లో ఆకుపచ్చ గుడ్డ కట్టాను. వెనకాల రాజమండ్రి ఆర్చ్ బ్రిడ్జి, గోదావరి పెట్టాలని ప్లాన్. కైన్‌మాస్టర్‌లో క్రోమా కీ ఆన్ చేయగానే అమ్మమ్మ కొన్న పట్టుచీర చిలకపచ్చ అంచు మాయం! అంచు ఉండాల్సిన చోట గోదావరి పారుతోంది.

"నేను కొన్న అంచు ఏదిరా?" అంది అమ్మమ్మ. చీర మార్చడానికి చెల్లి ససేమిరా అంది. ఇక మార్చాల్సింది తెరే.

అసలు ఆకుపచ్చే ఎందుకు?

కీయర్‌కి మనిషి, చీర తెలియవు. మనం చూపించిన రంగుకి దగ్గరున్న ప్రతి పిక్సెల్‌నీ తీసేస్తుంది. 1940 నాటి 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్'కి నీలం తెరే వాడారు. డిజిటల్ కెమెరాలతో ఆకుపచ్చ ముందుకొచ్చింది. మామూలు బేయర్ సెన్సర్‌లో ప్రతి నాలుగు పిక్సెళ్లలో రెండు ఆకుపచ్చవి, ఎరుపు ఒకటి, నీలం ఒకటి. అందుకే ఆకుపచ్చ ఛానెల్‌లో నాయిస్ తక్కువ.

కానీ మా దగ్గర కొబ్బరి, అరటి, వరి అన్నీ పచ్చనే. గడ్డి మీంచి వచ్చే వెలుగు కూడా బుగ్గల మీద పచ్చగా పడుతుంది. అందుకే నీలం గుడ్డకి మారాను. నీలంలో నాయిస్ ఎక్కువ కాబట్టి వెలుతురు బాగా ఉండాలి.

రెండోసారి ఏం మార్చాను?

* మనిషికీ తెరకీ మధ్య ఆరడుగుల దూరం. తెర రంగు ఒంటి మీద పడదు.
* గుడ్డకి ఇస్త్రీ తప్పనిసరి. ముడతల నీడలే కీకి శత్రువులు.
* ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ లాక్. బ్యూటీ మోడ్ ఆఫ్.
* షట్టర్ 1/100. చెయ్యి ఊపినా అంచులు మసకబారవు.

ఫోన్ వీడియో సాధారణంగా 4:2:0. అంటే రంగు సమాచారం నాలుగో వంతే. జుట్టు చివర్లు గళ్లుగళ్లుగా తెగేది అందుకే. ఐఫోన్ 13 ప్రో నుంచి ప్రో మోడళ్లలో ఉన్న ప్రోరెస్ 4:2:2 కాబట్టి కాస్త నయం. మిగతా ఫోన్లవాళ్లు 4కేలో తీసి 1080పికి తగ్గించండి.

వెలుగు కలవకపోతే అంతా వృథా

రాజమండ్రి గట్టు మీంచి నదిని చూస్తే మనం పడమరకి తిరిగినట్టు. సాయంత్రం సూర్యుడు నది వెనక ఉంటాడు. నా మొదటి వీడియోలో వెనక సూర్యాస్తమయం, చెల్లి ముఖం మీద నిండు వెలుగు! చూడగానే అతికించినట్టు తెలిసిపోయింది. ఈసారి బ్రిడ్జిని పొద్దున్నే తీశాను. చెల్లిని కూడా పొద్దున్నే, తూర్పుకి తిప్పి నిలబెట్టాను. పీసీలో డావిన్చీ రిజాల్వ్ ఫ్రీ వెర్షన్‌తో కీ చేసి, బ్యాక్‌గ్రౌండ్‌ని కొంచెం బ్లర్ చేశాను.

అంచు తిరిగొచ్చింది. అమ్మమ్మ ఫోన్ దగ్గరపెట్టుకుని రెండుసార్లు చూసింది. తెర కొనేముందు మీరూ బట్టలు చూసుకోండి. నేనైతే బావగారికి ముందే చెప్పేశాను: నీలం చొక్కా వద్దని.