చేపకు చల్లదనం – పొగ లేకుండా తేవచ్చునా?



మన కృష్ణదేవిపేటకు సముద్రం దూరం. సంతలో మనం కొనే కానాగంతలు, వంజరం తీరం నుండి గంటల తరబడి ప్రయాణం చేసి వస్తాయి. దారిలో చల్లదనం తప్పితే ఏమవుతుందో, ఆ చల్లదనాన్ని శుభ్రమైన పద్ధతిలో ఎలా తేవచ్చునో ఈ సంచికలో తెలుసుకుందాం.

చల్లదనం ఎందుకు?

అనుకూలమైన వేడిలో కొన్ని సూక్ష్మక్రిములు 20 నిమిషాలకు ఒకసారి రెట్టింపవుతాయి. ఆ లెక్కన ఒక్క క్రిమి 6 గంటల్లో రెండున్నర లక్షలు దాటుతుంది. కానాగంత వంటి చేపలతో మరొక అపాయం కూడా ఉంది. ఐసు చాలకపోతే వాటి మాంసంలో హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. ఎంత ఉడికించినా అది పోదు. తిన్న కొద్దిసేపటికే ముఖం ఎర్రబడడం, దురద, తలనొప్పి, వాంతులు కలుగుతాయి. "నాకు చేప పడదు" అని కొందరు అనుకునేది ఇదే కావచ్చు.

చల్లదనం చాలని చోట మందులు కలిపే దురాశ పుడుతుంది. ఫార్మలిన్ కలుస్తోందనే కారణంతో 2018 జూలైలో అస్సాం ప్రభుత్వం ఆంధ్ర చేపలను కొన్ని రోజులు నిలిపివేసింది. శవాలు చెడకుండా వాడే మందు అది. దానితో మన చేపల రైతులూ నష్టపోయారు.

డీజిలు యంత్రంతో చిక్కు

శీతల లారీలలో చాలావాటికి చల్లబరిచే యంత్రం కోసం వేరే డీజిలు ఇంజను ఉంటుంది. ఖర్చు ఎక్కువ, పొగ ఎక్కువ. వాటిలో వాడే ఆర్-404ఎ అనే వాయువు ఒక కిలో కారితే, భూమిని వేడెక్కించడంలో సుమారు 3,900 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం. ఇటువంటి వాయువులను తగ్గించాలని 2016లో కిగాలీ నగరంలో దేశాలు ఒప్పుకున్నాయి. 2021లో భారతదేశం దానిని ఆమోదించింది.

టీకా పెట్టె నేర్పే పాఠం

ఏ.ఎన్.ఎం. అమ్మాయిలు టీకాల పెట్టె భుజాన వేసుకొని వెళ్ళడం మీరు చూసే ఉంటారు. అందులో ఇంజను లేదు, ఐస్ ప్యాకులే ఉంటాయి. కిలో ఐసు కరిగేటప్పుడు 80 కిలో క్యాలరీల వేడిని పీల్చుకుంటుంది. లీటరు నీటిని 20 డిగ్రీల నుండి 100 డిగ్రీలకు కాచే వేడి అంత!

ఇదే సూత్రంతో కొన్ని బండ్లలో ఉప్పునీటి వంటి ద్రవం నింపిన పలకలు అమర్చుతారు. రాత్రి కరెంటుతో గడ్డకట్టిస్తే పగలంతా ఇంజను లేకుండానే చల్లదనం ఇస్తాయి. సౌరవిద్యుత్తు ఉంటే మరీ మంచిది. అయితే పెట్టె గోడలు మందంగా, తలుపు బిగుతుగా ఉండాలి. మాటిమాటికి తెరిస్తే టీకా పెట్టె అయినా, చేపల బండి అయినా వేడెక్కుతుంది.

మనం చేయవలసినవి

1. ఐసులో కప్పి ఉంచిన చేపనే కొనండి. ఐసు పెట్టె లేదా తడిగుడ్డ చుట్టిన సంచిలో త్వరగా ఇంటికి చేర్చండి.

2. నీలిరంగు ఐసు సరుకు చల్లబరచడానికి మాత్రమే. 2018 నుండి అందుకే ఆ రంగు కలపాలని నియమం. దానిని పానీయాలలో వేయకండి.

3. ప్రేమవిందుకు చేపలు తెప్పించేటప్పుడు, చేపల బరువుకు సమానంగా ఐసు వేయమని అడగండి. వండిన కూరను రెండు గంటలకు మించి బయట ఉంచకండి.

4. చేప తిన్న తరువాత ఆయాసం వచ్చినా, పెదవులు వాచినా ఆలస్యం చేయక ఆసుపత్రికి రండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్