దేవుణ్ణి నిలదీసే విశ్వాసం

మంచివాడికి కష్టాలెందుకొస్తాయి? ఈ ప్రశ్న ఎదుర్కోని మతం లేదనుకుంటాను. మనవాళ్ళు కర్మఫలం అంటారు. "చేసుకున్నవాడికి చేసుకున్నంత" అనే సామెత ఉండనే ఉంది. యూదుల్లోనూ ఇలాంటి సమాధానం ఒకటుంది. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని నేలమట్టం చేస్తే, అది తమ పాపాల ఫలితమేనని వారి పండితులు చెప్పుకున్నారు. కాని నన్ను ఆలోచింపజేసింది అదే సంప్రదాయంలో ఉన్న మరో ధోరణి.

యోబు గ్రంథమే చూడండి. యోబు నీతిమంతుడు. ఆస్తి పోయింది, పదిమంది బిడ్డలు పోయారు, ఒళ్ళంతా పుళ్ళు. ముగ్గురు స్నేహితులొచ్చి ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నోరు మెదపకుండా అతని పక్కనే నేలమీద కూర్చున్నారు. అంతవరకు బాగానే ఉంది. నోరు విప్పాకే వచ్చింది చిక్కంతా. "నువ్వేదో పాపం చేసే ఉంటావు" అన్నది వారి వాదన. యోబు ఒప్పుకోడు. దేవుణ్ణే నిలదీస్తాడు. సుడిగాలిలోంచి పలికిన దేవుడు కారణం చెప్పడు సరిగదా, నీకేం తెలుసని యోబును గద్దిస్తాడు. అయినా, తన గురించి సరిగా మాట్లాడినవాడు యోబేననీ, తనను వెనకేసుకొచ్చిన ఆ స్నేహితులు కాదనీ తీర్పు చెబుతాడు!

ఈ శతాబ్దాల నాటి వాదం ఇరవయ్యో శతాబ్దంలో మళ్ళీ రగిలింది. నాజీలు దాదాపు 60 లక్షల మంది యూదుల్ని చంపారు. పాలుతాగే పసివాళ్ళు ఏ పాపం చేశారని? 1966లో రిచర్డ్ రూబెన్‌స్టైన్ అనే తాత్త్వికుడు, చరిత్రను నడిపించే దేవుణ్ణి ఇక నమ్మలేనన్నాడు. యూదులు విశ్వాసం వదిలేస్తే హిట్లర్‌ను చచ్చాక కూడా గెలిపించినట్లేనని ఎమిల్ ఫాకెన్‌హైమ్ వాదించాడు. 1944లో పదిహేనేళ్ళ వయసులో ఆష్విట్జ్ చేరిన ఎలీ వీజెల్ తల్లినీ, చెల్లెలినీ, తండ్రినీ పోగొట్టుకున్నాడు. అక్కడ కొందరు మతపండితులు దేవుడి మీదే విచారణ జరపడం చూశానని ఆయన చెప్పాడు. దోషి అని తేల్చాక, వాళ్ళే ప్రార్థనకు లేచారట!

ఇదేం విడ్డూరం అనిపించవచ్చు. నాకు తోచిందేమంటే, దేవుడు లేడనుకున్నవాడికి నిలదీసే పనే లేదు. వాళ్ళ దృష్టిలో తగవు పడటం కూడా నమ్మకమే.

మరి బాధలో ఉన్నవాడి సంగతేమిటి? యూదుల ఇంట చావు జరిగితే ఏడు రోజులు సంతాపం పాటిస్తారు. పరామర్శకు వెళ్ళినవాళ్ళు, దుఃఖంలో ఉన్నవాళ్ళు నోరు విప్పేదాకా తాము మాట్లాడకూడదని ఆచారం. యోబు స్నేహితులు మొదట పాటించిన ఆ మౌనమే దీనికి ఆధారం. రేపు మన హాస్టల్లో ఎవరికైనా ఇంటినుంచి చెడువార్త వస్తే, "అంతా విధి" అని వేదాంతం చెప్పబోయే ముందు ఈ ఆచారాన్ని గుర్తు చేసుకుందాం. కారణాలు వెతకడం తరువాత. ముందు వెళ్ళి పక్కన కూర్చుందాం.