నేలపై నిలిచి జింకవేట

వేట మానవుని ప్రాచీన వృత్తులలో ఒకటి. నాగలి పట్టక పూర్వమే మనిషి విల్లు పట్టినాడు. కాలక్రమమున అది రాజులకు వినోదమైనది, అడవిని నమ్ముకొన్నవారికి జీవనాధారముగానే నిలిచినది, కవులకు వర్ణనీయాంశమైనది. పెద్దన మనుచరిత్రలోని స్వరోచి వేటను, ధూర్జటి కాళహస్తీశ్వర మాహాత్మ్యములోని తిన్నని వేటను సాహిత్య విద్యార్థులు ఎరుగుదురు. కావ్యాలలోని వేటలలో కుక్కల మొరుగులు, వలల పరపులు, వేటగాండ్ర కేకలు సందడి చేస్తాయి. ఆ సందడి లేకుండా ఒక్కడే మనిషి నేలపై నిలిచి జింకను సమీపించు విద్య ఒకటి ఉన్నది. ఆ విద్య ఎట్టిదో, నేడు దానితో మనకు పని ఏమున్నదో ఈ వ్యాసములో వివరింపదలచినాము. జింకవేట నేడు మన దేశమున నేరము. కనుక ఇది వేట నేర్పు పాఠము కాదని మొదటనే మనవి చేస్తున్నాము.

తెలుగులో జింక జాతులకు పేర్లు అనేకము. ఒంటిపై తెల్లని చుక్కలు గలది దుప్పి, ఉర్దూలో చీతల్. పెద్ద శరీరము, ముదురు గోధుమ వర్ణము గలది కణుజు, ఉర్దూలో సాంబర్. మెలిదిరిగిన కొమ్ములతో బయళ్లలో తిరుగునది కృష్ణజింక. దాని పోతునే మన పూర్వులు ఇర్రి అన్నారు. శాస్త్రరీత్యా దుప్పి, కణుజు ఒక కుటుంబానికి, కృష్ణజింక మరొక కుటుంబానికి చెందినవి. మొదటి రెండింటిలో పోతులకు మాత్రమే కొమ్ములుంటాయి. అవి రాలి మరల మొలుస్తాయి. కృష్ణజింక కొమ్ములు జీవితాంతము నిలుస్తాయి. నేడు కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌కు, దుప్పి తెలంగాణకు రాష్ట్ర జంతువులు.

పూర్వము వేటగాడు నిలుచు చోటును బట్టి వేట మూడు విధాలుగా ఉండేది. ఏనుగు మీద గాని గుఱ్ఱము మీద గాని కూర్చుండి వేటాడుట మొదటిది. చెట్టుపై మంచె కట్టుకొని వేచియుండుట రెండవది. నేలపైననే ఉండి వేటాడుట మూడవది. మంచెపై ఉన్నవాని వాసన తరచుగా జంతువు తలపై నుండి గాలిలో కొట్టుకొనిపోవును. అతడు కదలినను జింక అంత త్వరగా తల పైకెత్తి చూడదు. నేలపై ఉన్నవానికి ఈ సౌకర్యము లేదు. జింక ముక్కు, చెవి, కన్ను ఉన్న ఎత్తులోనే అతడును ఉంటాడు. అందుచేత మూడింటిలో ఇదియే కఠినమైనది.

జింకకు ప్రధాన రక్షణ ఘ్రాణశక్తి. గాలి వేటగాని వైపు నుండి వీచినచో అతడు కంటబడకపోయినను మంద లేచిపోవును. రెండవ రక్షణ చెవులు. అవి ఒకదానితో ఒకటి సంబంధము లేకుండా వేర్వేరు దిక్కులకు తిరుగగలవు. ఎండుటాకు చప్పుడును అవి పసిగట్టును. మూడవది చూపు. కన్నులు తలకు రెండు ప్రక్కల ఉండుటచేత జింకకు వెనుక కొంత మేర తప్ప దాదాపు చుట్టూ కనిపించును. అయితే ఆ చూపు కదలికను పట్టినంత తేలికగా నిశ్చలముగా ఉన్న ఆకారమును పోల్చుకొనదు. ఎరుపు, నారింజ రంగులు ఆకుపచ్చ నుండి వేరుగా దానికి తోచవని, నీలము మాత్రము స్పష్టముగా కనిపించునని ఆధునిక పరిశోధకులు తేల్చినారు. జింకవేటకు చట్టము అనుమతించు అమెరికాలో పెక్కు రాష్ట్రాలు తుపాకి వేటగాండ్రు నారింజ రంగు వస్త్రము ధరించవలెనని శాసించుటకు ఇది అనుకూలించినది. తోటి వేటగానికి కొట్టవచ్చినట్లు కనిపించు ఆ రంగు జింకకు ప్రత్యేకముగా కనిపించదు.

నేలపై వేటలో రెండు పద్ధతులున్నవి. మాటు లేకుండా నడిచి సమీపించుట ఒకటి. మాటు కట్టుకొని కూర్చుండుట మరొకటి.

మొదటి పద్ధతిలో గాలికి ఎదురు నడవడమే మూలసూత్రము. చిటికెడు దుమ్ము గాని బూడిద గాని జారవిడిచి గాలి ఎటు పోవుచున్నదో చూచుకొనుట వేటగాండ్ర అలవాటు. జింక తల వంచి మేయునపుడు అడుగు వేయవలెను. తల ఎత్తినపుడు ఎక్కడివాడక్కడ శిలవలె నిలిచిపోవలెను. నీడలో నడవవలెను, గట్టు మీద ఆకాశానికి ఎదురుగా నిలువరాదు. చెట్టుపై కొండముచ్చు కూసినచో ఆనాటికి నడక వ్యర్థమైనట్లే. కొండముచ్చులు రాల్చిన ఆకులు, కాయలు తినుటకు దుప్పులు వాటి వెంట తిరుగుచుండును. ఒకరి హెచ్చరికను మరొకరు ఆలకించును. చెట్లు లేని బయళ్లలో కృష్ణజింకను సమీపించుట మరియు దుర్లభము. అక్కడ వేటగాండ్రు ఎద్దు ప్రక్కన గాని, ఎద్దులబండి చాటున గాని నడిచేవారు. రోజూ పొలాలలో చూచుచున్న బండికి జింక బెదరదు. బండి తిన్నగా మంద మీదికి పోక, దారిన పోవుచున్నట్లు ఓరగా చుట్టి దగ్గరపడేది.

రెండవది మాటు. ఉర్దూలో పొంచియుండుటను ‘ఘాత్ లగానా’ అంటారు. పొంచియుండు చోటును ‘కమీన్‌గాహ్’ అంటారు. తెలుగులో ‘మాటు వేయుట’, ‘పొంచి చూచుట’ నేటికీ నిత్యవ్యవహారములో ఉన్నవి. మాటుకు స్థలనిర్ణయమే ప్రాణము. ఎండకాలమున నీటిచెలమ, చౌడునేల, పండ్లు రాలు చెట్టు, పొలము అంచు - ఇట్టి చోట్లకు జింకలు వచ్చు బాటలను అడుగుజాడలను బట్టి, పెంటికలను బట్టి ముందుగా గుర్తించవలెను. ఆ బాట మీది గాలి మాటు వైపు వీచునట్లు చోటు చూచుకొనవలెను. కొండ ప్రాంతాలలో ప్రొద్దెక్కిన కొలది గాలి వాలు వెంబడి పైకి పోవును. రాత్రివేళ క్రిందికి దిగును. ఉదయమునకు తగిన మాటు సాయంకాలమునకు తగదు. కొన్ని దినములు ముందుగా కట్టినచో జింకలు దానికి అలవాటుపడును. కొమ్మలను అక్కడివే వాడవలెను. వెనుక వెలుతురు లేకుండ, లోపల చీకటిగా ఉండవలెను. లేనిచో లోని మనిషి నీడ కదలుట బయటికి కనిపించును. గోతిలో కూర్చుండి చుట్టూ కంప వేసుకొనుట మరొక విధము. ఇన్ని చేసినను దోమ కుట్టినపుడు చేయి కదపక ఉండుట మాత్రము ఎవరికి వారు నేర్వవలసినదే.

అబుల్ ఫజల్ ‘ఆయినె అక్బరీ’లో అక్బరు కాలపు జింకవేటలను వివరముగా వ్రాసినాడు. విలుకాండ్రు ఆపాదమస్తకము పచ్చని రెమ్మలు కట్టుకొని, విల్లంబులను కూడ రెమ్మలతో కప్పి పొంచు పద్ధతి అందులో ఉన్నది. రాత్రివేళ దీపము చూపి, గంట మ్రోగించి, ఆ వెలుగుకు మోహపడి వచ్చు జంతువులను కొట్టు పద్ధతియు ఉన్నది. పెంచిన పోతుజింక కొమ్ములకు ఉచ్చులు కట్టి అడవి జింకపైకి వదలుటయు ఉన్నది. పోట్లాడ వచ్చిన అడవి జింక ఆ ఉచ్చులలో చిక్కుకొనేది. ఇట్లు తన జాతినే పట్టి ఇచ్చుటకు పెంచిన జంతువును తెలుగులో దీమము అంటారు. అక్బరు కుమారుడైన జహంగీరుకు మన్‌సరాజ్ అను పెంపుడు జింక ఉండేది. అడవి జింకలను పట్టుటలో దానికి సాటి లేదని అతడే తన ఆత్మకథలో వ్రాసుకొన్నాడు. అది చనిపోగా నేటి పాకిస్తాన్‌లోని షేఖూపురా వద్ద దాని స్మృతిచిహ్నము నిలిపి, ఆ మైదానమున జింకలను ఎవరును వేటాడరాదని ఆజ్ఞాపించినాడు. హిరన్ మినార్ పేరుతో ఆ కట్టడము నేటికీ నిలిచియున్నది.

వేటకు హద్దులున్నవని మన సంప్రదాయాలన్నియు చెప్పినవి. మహాభారతమున పాండురాజు పొందిన శాపము అందరు ఎరిగినదే. జింక రూపమున ఉన్న కిందమ ముని అతనిని నిందించినది వేటాడినందుకు కాదు. జతగూడిన సమయమున కొట్టినందుకు. ఇస్లాము ధర్మములో వేట ఆహారమునకు అనుమతింపబడినది. వేడుకకై ప్రాణిని గురిగా నిలిపి కొట్టుట నిషేధింపబడినది. హజ్ యాత్రికుడు ఇహ్రాములో ఉన్నంత కాలము భూచర జంతువులను వేటాడరాదు. వేటజంతువులు చేతికి, ఈటెకు అందునంత దగ్గరకు వచ్చుటయే విశ్వాసులకు పరీక్ష అను భావము ఖుర్ఆన్‌లోని మాయిదా అధ్యాయమున ఉన్నది. నేలపై నిలిచి జింకను ఇంత సమీపమున చూచిన వానికి ఈ మాట అర్థము బాగుగా బోధపడును. అంత దగ్గరగా చూచినవాడు అది పోతో, పెంటియో, చూలుతో ఉన్నదో, వెంట పిల్ల ఉన్నదో ఎరుగును. విల్లు దించుకొను అవకాశము అతనికి ఉన్నది.

దూరమునుండి కొట్టు తుపాకులు, మోటారు వాహనాలు, రాత్రివేళ కన్నులు మిరుమిట్లు గొలుపు దీపాలు వచ్చిన పిదప ఈ సామీప్యము అవసరము లేకపోయినది. జంతువుల గతి తలక్రిందులైనది. జింకలను తరిమి పట్టుటకు రాజులు పెంచిన చీతాలే మన అడవులలో మిగులలేదు. 1947లో నేటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా ప్రాంతమున మూడు చీతాలు తుపాకికి బలియైనవి. 1952లో ఆ జాతి దేశమున అంతరించినట్లు ప్రకటించినారు. తిరిగి 2022లో నమీబియా నుండి తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనోలో విడువవలసి వచ్చినది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. 1991 సవరణతో అనుమతి పత్రముపై వేటాడు వెసులుబాటు కూడ తొలగినది. చంపుట మాత్రమే కాక ఉచ్చు పెట్టుట, పట్టుట, అందుకు ప్రయత్నించుట కూడ ఈ చట్టము దృష్టిలో వేటయే. 2006 నాటి అటవీ హక్కుల చట్టము గిరిజనులకు అనేక హక్కులిచ్చినను వేటను మినహాయించినది. నిజాము వేటభూములైన హైదరాబాదులోని హరిణ వనస్థలి, మెదక్ ప్రాంతములోని పోచారము నేడు జింకలకు ఆశ్రయములు.

అయితే చట్టము వచ్చినంత మాత్రాన జింకకు ముప్పు తొలగలేదు. నేడు దానిని చంపునది ఎక్కువగా మాటున పొంచిన మనిషి కాదు, తీగ. ఇనుప తీగతో ముడివేసిన ఉచ్చు, అడవిపందుల కొరకని పొలము చుట్టూ పరచిన విద్యుత్తు తీగ - ఈ రెండింటికి గాలి ఎటు వీచునో తెలియనక్కరలేదు, అడుగుజాడ చదువనక్కరలేదు, ఓర్పు అక్కరలేదు. పోతు, పెంటి, పిల్ల అను భేదము తీగకు లేదు. అదే తీగ తగిలి పశువులు, కాపరులు, పైరుకు నీరు కట్టబోయిన రైతులు కూడ ప్రాణములు కోల్పోవుచున్నారు. పంట నష్టపోవు రైతు బాధ యథార్థమే. నష్టపరిహారమునకు అటవీశాఖను ఆశ్రయించు మార్గమున్నది. చంపిన తీగకు మాత్రము పరిహారము లేదు.

ఇక ఆ పాత విద్య ఏమి కావలెను? అది నశింపరాదని మా అభిప్రాయము. అడవిలో జంతువులను లెక్కించువారు నిర్ణీతమైన గీత వెంట నిశ్శబ్దముగా నడిచి, కనిపించిన ప్రతి మందను నమోదు చేసికొందురు. అది మాటు లేని వేటగాని నడకయే. ఎండకాలమున నీటిపట్టుల వద్ద చాటున కూర్చుండి లెక్కించుట మాటు విద్యయే. అటవీ అధికారి ఛాంపియన్ తుపాకికి బదులు కెమెరా పట్టి తీసిన అడవి చిత్రాల గ్రంథము 1927లోనే వెలువడినది. నల్లమలలో చెంచులు అటవీశాఖ రక్షణ శిబిరాలలో కావలివారుగా పనిచేయుచున్నారు. తండ్రులు జింకజాడ చదివిన కన్నులతోనే కుమారులు ఉచ్చుల తీగలను వెదకి తీయుచున్నారు.

మా విద్యార్థులలో అడవి అంచు గ్రామాల నుండి వచ్చినవారు పలువురు ఉన్నారు. వారి తాతలకు ఈ విద్య తెలిసియుండవచ్చును. సెలవులలో ఇంటికి పోయినపుడు దుమ్ము జారవిడిచి గాలిని చూచు విధము, పెంటికలను బట్టి పూటను చెప్పు విధము వారిని అడిగి వ్రాసి ఉంచవలెనని కోరుచున్నాము. పొలము గట్టున తీగ కనిపించినచో దానిని ముట్టక, పెద్దలకు, విద్యుత్తు శాఖవారికి, అటవీశాఖవారికి వెంటనే తెలియజేయవలెను. అది ఒక జింక ప్రాణమునే గాక ఒక మనిషి ప్రాణమును కూడ కాపాడగలదు.